యానెస్ పాకలో ఎర్ర చుక్కలు

నవంబరు కసరత్తు రోజున, యానెస్ పాక మునిగిపోతోందని పటం చెప్పింది.

మా వైపు యానెస్ పాకంత ఎత్తైన చోటు ఇంకోటి లేదు. ఐసెల్ నది ఎంత పొంగినా ఆ పాక గడప తడవడం మా తాతలు కూడా చూడలేదు. అందుకే కట్ట సైన్యం అక్కడే దిగుతుంది. సైన్యమంటే తుపాకులేమీ ఉండవు. నీళ్లు పెరిగినప్పుడు కరకట్ట మీద ఇద్దరిద్దరుగా నడిచి, ఎక్కడ కారుతోంది, ఎక్కడ ఊరుతోంది, ఎక్కడ ఎలుకలు బొక్క పెట్టాయి అని చూసి చెప్పే ఊరివాళ్లం. పాడి రైతులు, బడిపంతులు, రొట్టెలు కాల్చే ఆయన, అందరూ ఉంటారు. ఏటా నవంబరులో ఒక రోజు వరద లేకుండానే వరద వచ్చినట్టు నడుస్తాం. కట్ట వెనక అక్కడక్కడా ఎర్ర గుడ్డ కట్టిన పుల్లలు పాతి ఉంచుతారు. పుల్ల కనిపిస్తే అది ఊట అని లెక్క.

ఆ ఏడు కొత్తగా ఫోన్లు వచ్చాయి. పుల్ల కనపడగానే ఫోన్లో పటం తెరిచి నొక్కాలి. నొక్కిన చోట ఎర్ర చుక్క పడుతుంది. పట్నంలో నీటి మండలి ఆఫీసులో కూర్చున్నవాళ్లకీ, పాకలో కూర్చున్నవాళ్లకీ అదే చుక్క అప్పుడే కనిపిస్తుంది. ఆ పటం నా భార్య గెసీనా చేసింది. భుజం నొప్పితో పాలు పితకడం మానేశాక మండలిలో పటాల పనికి చేరింది. ఇన్నేళ్ల ఆమె పనంతా పాకలో పెట్టిన ఆ పెద్ద తెర మీదే ఉంది.

నేను నా వంతు నడక ముగించి చలికి బిగుసుకుపోయి పాకలోకి వచ్చేసరికి, గెసీనా తెర ముందు నిలబడి ఉంది. పక్కన వాళ్లన్నయ్య వెస్సెల్. మా దళానికి పెద్ద అతనే. చంకలో చుట్ట చుట్టిన కాగితం పటం. వాళ్ల నాన్న కాలం నాటిది, వెనక గుడ్డ అతికించింది. కసరత్తుకైనా వరదకైనా అది లేకుండా వెస్సెల్ ఇంట్లోంచి కాలు బయటపెట్టడు.

తెర మీద చుక్కలు పడుతున్నాయి. అన్నీ ఒక్కచోటే.

"ఏమ్మా చెల్లీ," అన్నాడు వెస్సెల్, "కట్టంతా పొడి, యానెస్ పాకలోనే ఇన్ని ఊటలా?"

యానెస్ తన కాళ్ల కిందికి చూసుకున్నాడు. "నా బూట్లు పొడిగానే ఉన్నాయయ్యా," అన్నాడు.

సంగతి నాకు అప్పుడే అర్థమైంది, ఎందుకంటే నేనూ అదే చేశాను. ఆ చలిగాలిలో కట్ట మీద నిలబడి చేతి తొడుగులు తీసేవాడెవడు? పుల్లని చూసి, మనసులో పెట్టుకుని, పాకకి వచ్చి, తొడుగులు ఆరేసి, కాఫీ కప్పు చేతికి వచ్చాక తీరిగ్గా నొక్కాం. ఫోనుకి తను ఎక్కడుందో అదే తెలుసు. కట్ట సైన్యం మొత్తం కాఫీ తాగుతూ నొక్కింది. ఊటలన్నీ కాఫీ దగ్గరే పుట్టాయి.

పట్నం నుంచి ఫోన్ వచ్చింది. యానెస్ పాకకి ఇసుక లారీ పంపమంటారా అని అడిగారు.

ఆ నవ్వు ఇంతా అంతా కాదు. ఆ వింత చూద్దామని అందరూ ఒక్కసారే పటం తెరిచారు. అప్పుడది బిగుసుకుపోయింది. సగం గడులు తెల్లగా ఉండిపోయాయి, తర్వాత అవీ పోయాయి. కాసేపటికి పట్నం నుంచి మళ్లీ ఫోన్. పర్మిట్ల దరఖాస్తులు తీసుకునే సర్వీసు కూడా పడిపోయిందట. గెసీనా పటం పోతూ పోతూ దాన్నీ లాక్కుపోయిందట.

వెస్సెల్ చంకలోని కాగితాన్ని బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు కప్పులు పెట్టాడు. తర్వాత అన్నాడు:

"ఇది మాత్రం ఇంతవరకూ పడిపోలేదు."

*

సాయంత్రం గెసీనా బంగాళాదుంపలు చెక్కుతోంది. మనసు బాగుంటే ఆమె తీసే తొక్క ఉల్లిపొరలా ఉంటుంది. ఆ రోజు తొక్కతో పాటు సగం దుంప పోతోంది. నేనేమీ అడగలేదు. అడిగితే ఆగిపోతుంది, ఊరుకుంటే తనే చెబుతుంది.

"యంత్రం ఒకటే," అంది చివరికి. "దాన్లో అడిగినవాళ్లకి అడిగింది అందించే జావా సర్వర్ ఒకటే. మండలి పర్మిట్లూ దాన్లోనే, నా పటమూ దాన్లోనే. ఒకే కుండలో ఇద్దరం తింటున్నాం."

"ఎవరు ఎక్కువ తింటున్నారు?"

"నేనే. ఎవడు పటం తెరిచినా మొత్తం మళ్లీ మొదట్నుంచీ గీస్తున్నాను. పొలాలు, కాలవలు, ఇళ్లు, అన్నీ. గీసి గీసి మెమరీ గొంతుదాకా నిండితే సర్వర్ ఆగి లోపల చెత్త ఊడ్చుకుంటుంది. అది ఊడ్చుకున్నంతసేపూ జనం గుమ్మంలో నిలబడాలి. నిలబడినవాళ్లు ఊరుకుంటారా? ఇంకా ఇంకా నొక్కుతారు. ఇంకా నిండుతుంది."

"పితికే వేళకి పాక కడుక్కున్నట్టు."

"అదే."

ఇంకో దుంప పాడైంది.

"రెమ్‌కో ఏమన్నాడు?" అన్నాను. రెమ్‌కో మండలిలో కంప్యూటర్లన్నీ చూసేవాడు, ఆమె పై అధికారి.

"మంచిగానే చెప్పాడు పాపం. వసంతంలో మండలి కూర్చుంటుందట. ఈ చలికాలం నీళ్లొచ్చినప్పుడు పటం నిలబడితే ఉంచుతారు. పడితే తీసేస్తారు. మళ్లీ కాగితాలూ ఫోన్ పిలుపులూ."

"మరి నువ్వు?"

"నేను మళ్లీ ఆవుల దగ్గరికి."

ఆ భుజంతో ఆవుల దగ్గర ఎన్నాళ్లుంటుందో ఇద్దరికీ తెలుసు. నేను లేచి పొయ్యి మీద గిన్నె పెట్టాను.

*

ఆ వారంలోనే రెమ్‌కో మా ఇంటికి వచ్చాడు. పొడుగు మనిషి. బూట్లు గుమ్మంలో విడిచి, మేజోళ్లతో వంటింట్లోకి వచ్చి కూర్చుంటే మోకాళ్లు బల్లకి తగులుతున్నాయి.

"ఇంకో యంత్రం కొనలేం, గెసీనా. ముందే చెబుతున్నా. అడగొద్దు."

"అడగట్లేదు. యంత్రం ఒకటే ఉండనీ. దాన్లో జావా సర్వర్లు రెండు పెట్టు. నీ పర్మిట్లకొకటి, నా పటానికొకటి. ఎవరి మెమరీ వాళ్లది. వీధి గుమ్మం ఒకటే, లోపల గదులు వేరు. నేను పడితే నువ్వు పడవు. నువ్వు పడితే నేను పడను."

"నేనెందుకు పడతాను?" అన్నాడు రెమ్‌కో రోషంగా.

"మాట వరసకన్నాను."

"ఇప్పుడు ఒకదాన్ని కాస్తే చాలు. రేపు రెండిటిని కాయాలి. అది చెడితే ఇదీ, ఇది చెడితే అదీ అని నేను పరుగెత్తాలి."

"నాది నేను కాస్తాను. నీ నిద్ర చెడగొట్టను."

రెమ్‌కో నా వైపు తిరిగాడు. నేను మూలన కూర్చుని బూట్లకి కొవ్వు రాస్తున్నాను. "మీరేమంటారు బెరెండ్?"

"రెండు ఆబోతుల్ని ఒకే దొడ్లో కట్టం," అన్నాను.

అతను కాఫీ తాగాడు. గెసీనా కేకు ముక్క అతని ముందుకి జరిపింది. అదీ తిన్నాడు.

"సగం మెమరీ ఇవ్వను," అన్నాడు. "సగానికి తక్కువే."

"చాలు," అంది గెసీనా. తర్వాత అతను వెళ్లేదాకా ఆమె పెదవుల మీద నవ్వు దాచుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

డిసెంబరంతా ఆ పనే. అడిగినప్పుడల్లా గీయడం మాన్పించింది. పటాన్ని చిన్న చిన్న గడులుగా కోసి, ఒక్కో గడినీ ఒక్కసారే గీయించి, దాచి పెట్టింది. ఎవరడిగినా దాచిన గడి తీసి ఇవ్వడమే. అప్పటికప్పుడు గీయాల్సింది ఎర్ర చుక్కలు మాత్రమే. "వేసవిలో గడ్డి కోసి పెట్టుకుంటాం చూడు, అలా," అని చెప్పింది నాకు. నాకు అర్థం కావాలని గడ్డి దాకా వచ్చింది.

కాఫీ సంగతిలో మాత్రం గెసీనాతో దెబ్బలాట తప్పదనుకున్నాం. కట్ట మీదే నొక్కి తీరాలని రూలు పెడుతుందనుకున్నాం. పెట్టలేదు. కట్ట పొడుగునా నంబర్లు వేసిన రాళ్లు ఉంటాయి, మా తాతల నాటి నుంచీ. ఆ రాళ్లన్నిటినీ తెచ్చి పటం మీద పెట్టింది.

"నువ్వు ఎక్కడ కూర్చున్నావో నాకొద్దు," అంది నాతో. "ఏ రాయి దగ్గర చూశావో ఆ రాయిని నొక్కు. కాఫీ తాగుతూ నొక్కు, పడుకుని నొక్కు, నీ ఇష్టం. మీ చేత కాఫీ మాన్పించడం దేవుడి వల్ల కూడా కాదు."

క్రిస్మస్‌కి ముందు ఆదివారం, చర్చి అయ్యాక అందరూ వెనక గదిలో కప్పులు పట్టుకుని నిలబడినప్పుడు, గెసీనా బెంచీ ఎక్కింది. ఇంట్లో కూడా గొంతెత్తని మనిషి.

"ఫోన్లు తియ్యండి. నా పటం తెరవండి. దాన్ని పడగొట్టండి."

"ఏంటీ?" అంది రొట్టెలాయన భార్య.

"చేతనైతే పడగొట్టండి. జాలిపడొద్దు."

అంతమందిలో ఒక మనిషి తన పనిని పాడు చెయ్యమని అడగడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. మొదట మొహమాటపడ్డారు. ఆ తర్వాత మాత్రం ముసలివాళ్లు కూడా కళ్లజోళ్లు సవరించుకుని పిడిగుద్దులు గుద్దినట్టు నొక్కారు. పాటలు పాడేవాళ్ల జట్టు ఒక మూలన చేరి, "ఒకటీ రెండూ మూడూ" అని లెక్కపెట్టుకుని మరీ నొక్కింది.

పడిపోయింది.

గదిలో కేరింతలు, చప్పట్లు. గెసీనా కూడా చప్పట్లు కొట్టింది. పట్నానికి ఫోన్ చేసి, "రెమ్‌కో, నీ పర్మిట్లు ఎలా ఉన్నాయి?" అని అడిగింది. అవి నిక్షేపంగా ఉన్నాయన్నాడు. "అయితే గోడ నిలిచింది. ఇక నా గది సర్దుకుంటే చాలు," అని బెంచీ దిగింది.

తర్వాతి ఆదివారం మళ్లీ నొక్కారు. ఈసారి కక్షగట్టి నొక్కారు. నత్తలా నడిచింది గానీ పడలేదు. పాటల జట్టు పెద్దాయన ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "దీంట్లో మజా పోయింది," అన్నాడు.

వెస్సెల్ ఆ రెండు ఆదివారాలూ కిటికీ దగ్గర నిలబడి వాన చూశాడు. ఫోన్ బయటికి తియ్యలేదు.

*

నీళ్లు జనవరి చివర్లో వచ్చాయి. పైన జర్మనీలో వానలు, కొండల్లో కరిగిన మంచు. నది తన ఒడ్డునున్న మేత బీళ్లన్నిటినీ మింగి కట్ట మొదటికి వచ్చి నిలబడింది. కుందేళ్లు కట్ట ఎక్కి కూర్చున్నాయి. మమ్మల్ని చూసి పారిపోవడం కూడా మానేశాయి, వాటికి పోవడానికి చోటు లేదు.

నేనూ యానెస్ కలిసి నడిచాం. మా మేత బీడు దాటాక కట్ట వెనక పచ్చిక తడిగా ఉంది. వంగి చూస్తే చిన్న ఊట. నీళ్లు తేటగా వస్తే భయం లేదు, కట్ట చెమట పట్టిందనుకోవచ్చు. ఇది ఇసుక తెస్తోంది. చుట్టూ చీమల పుట్టంత బూడిదరంగు ఇసుక పోగైంది. అంటే కట్ట కింది నేలని నది లోపల్లోపల తోడేస్తోందన్నమాట.

యానెస్ రాయి నంబరు చూశాడు. తన చేతి తొడుగుల వైపు చూసుకున్నాడు.

"పాకకి పోయి నొక్కుదామా?"

"పద."

పాకలో కాఫీ పోసుకుని, కూర్చుని, రాయిని నొక్కాం. తెర మీద చుక్క యానెస్ పాక మీద పడలేదు. మా బీడు పక్కన, ఆ ఊట ఉన్న చోటే పడింది. గెసీనా తల తిప్పి మా కప్పుల వైపు ఒకసారి చూసి మళ్లీ తెర వైపు తిరిగింది.

ఆ రోజు పొద్దున రేడియోలో పటం సంగతి చెప్పారు. దాంతో జిల్లా జిల్లా అంతా దాన్ని తెరిచి కూర్చుంది. తన ఇల్లు ఉందా మునిగిందా అని తన ఇంట్లో కూర్చుని చూసుకునేవాళ్లే ఎక్కువ. మధ్యాహ్నానికి రెమ్‌కో ఫోన్ చేశాడు. గెసీనా బల్ల మీద పెట్టేసరికి అందరికీ వినిపించింది.

"నాది పోయింది! జనం పర్మిట్ల ఫారాల్లో ప్రశ్నలు రాసి పంపుతున్నారు. మా అమ్మమ్మని తరలించాలా, మా కోళ్లని ఏం చెయ్యాలి అని. మెమరీ నిండి కూలబడింది. నీదీ పోయిందా?"

"నాది నిలబడే ఉంది."



"మాట వరసకన్నావు కదూ ఆ రోజు?" అన్నాడు.

"మాట వరసకే. పోయి నీది లేపుకో."

అప్పటికి తెర మీద ఇసుక ఊటలు మూడు. ఒకటి మాది. ఒకటి రొట్టెలాయన చూసింది. ఇంకోటి పంతులు చూసింది. ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి. ఉన్న ఇసుక బస్తాలు తక్కువ, ఉన్న మనుషులు అలిసిపోయారు. మూడుచోట్లకీ పంచితే ఏ చోటికీ చాలవు. మా ఆవుల్ని తోలుకుపోవడానికి లారీలు పిలవాలా అని నేను వెస్సెల్‌ని అడిగాను. అతను చంకలోంచి కాగితం చుట్ట తీశాడు. దాని తాడు విప్పబోతున్నాడు.

"అన్నయ్యా, ఒక్క నిమిషం. ఇటు చూడు," అంది గెసీనా.

తెర మీద ఏదో నొక్కింది. పొలాలూ ఇళ్లూ వెలిసిపోయినట్టై, వాటి కిందనుంచి ఇంకో పటం తేలింది. పసుపు పట్టిన కాగితం, మడతల గీతలు, అంచుల్లో పెన్సిలు రాత. మధ్యలో సన్నగా, పాములా, ఒక వాగు. ఎప్పుడో పూడ్చేసి పొలాలు చేసిన వాగు. అడుగున ఇసుకే గనక నది నీళ్లకి దారి ఇంకా అదే. మూడు ఎర్ర చుక్కలూ ఆ వాగు మీదే కూర్చున్నాయి.

వెస్సెల్ తెరకి దగ్గరగా వెళ్లాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు.

"ఇది నాన్న రాత."

"అవును."

"ఇది నా పటం."

"నువ్వు జ్వరంతో పడుకున్నప్పుడు వదిన ఇచ్చింది. ఫోటో తీసి మర్నాడే తిరిగి పెట్టేశాను. నిన్ను అడిగితే ఇస్తావా?"

"ఇవ్వను."

"అందుకే అడగలేదు. ఇప్పుడు దెబ్బలాడతావా, వాగు చూస్తావా?"

వాగు చూశాడు. వేలితో దాని వెంట వెళ్లాడు. మా బీడు, మా దొడ్డి, మా పాక వెనక రెల్లు పెరిగిన గుంట. అక్కడ వాగు పెద్ద వంపు తిరిగి కట్ట కిందికి దూరింది.

"ఆ గుంట ఎవరన్నా చూశారా?" అంది గెసీనా. ఎవరూ చూడలేదు. ఆ గుంటలో ఎప్పుడూ నీళ్లుంటాయి. నీళ్లున్న చోట ఊట ఎవరికి కనిపిస్తుంది?

వెస్సెల్ చేతిలోని చుట్టకి తాడు మళ్లీ కట్టాడు. దాన్ని గోడకి ఆనించాడు.

"బస్తాలన్నీ బెరెండ్ పాక వెనక్కి," అన్నాడు.

*

రెల్లు తొలగించి చూస్తే గుంట నడుమ నీళ్లు ఉడికే గంజిలా కదులుతున్నాయి. కడ్డీ దింపితే కడ్డీ కింద నేల లేదు, వదులు ఇసుక పైకి తన్నుకొస్తోంది. తక్కిన మూడూ దీని ముందు పిల్లలు.

వరసగా నిలబడి చేతికి చెయ్యి బస్తాలు అందుకున్నాం. ఊటని మూయకూడదు. మూస్తే కోపమొచ్చి పక్కన పుడుతుంది. దాని చుట్టూ బావిలా కట్టాలి. నీళ్లు ఆ బావిలో ఎంత ఎత్తు లేస్తే అంత బరువు కిందికి నొక్కుతుంది, నది తోడడం మానుతుంది. యానెస్ నడుములోతు దిగి పేరుస్తూ బూతులు తిట్టాడు. పంతులు విననట్టు బస్తాలు అందించాడు. పాక కిటికీల్లోంచి మా ఆవులు మెడలు చాపి చూస్తున్నాయి, మేతేదో వస్తోందనుకుని.

మబ్బుల కింద వెలుగు ఎర్రబడే వేళకి బావి అంచు దాటి నీళ్లు సన్నగా జారాయి. వెస్సెల్ దోసిలి పట్టాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు. వేళ్ల మధ్య ఇసుక లేదు.

"తేట," అన్నాడు.

ఎవరూ కేకలు పెట్టలేదు. యానెస్ మాత్రం గుంటలోంచి బయటికి రాకుండా అక్కడే నిలబడి నవ్వాడు. తర్వాత అందరికీ నవ్వొచ్చింది. నేను పాకలోకి వెళ్లి ఆవులకి నిజంగానే మేత వేశాను.

నది మర్నాడంతా ఉన్నచోటే నిలిచి, ఆపైన తగ్గింది. పటం ఒక్కసారీ పడలేదు.

*

ఏప్రిల్లో మండలి కూర్చుంది. చేతులెత్తమంటే అందరూ ఎత్తారట. రెమ్‌కో అయితే రెండు చేతులూ ఎత్తానని చెప్పాడు. గెసీనా పటానికి ఇంకో యంత్రం కూడా ఇచ్చారు. అంతవరకూ మా ఇంట్లో దాన్ని "నీ పటం" అనేవాణ్ని. ఏ రోజు నుంచో గానీ "మన పటం" అంటున్నాను. నేను గమనించలేదు, గెసీనా చెబితే తెలిసింది.

వరద దాటిన ఏడు కట్ట సైన్యం యానెస్ పాకలో బఠాణీ సూపు వండుకు తింటుంది. గరిటె నిలబెడితే నిలబడేంత చిక్కగా ఉండాలి. వెస్సెల్ తన కాగితం పటాన్ని అద్దం కట్టించి తెచ్చి గోడకి మేకు కొట్టి తగిలించాడు. "చంక నొప్పెడుతోంది," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. తర్వాత ఒక మూలకి పోయి, కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ని కోడిగుడ్డులా పట్టుకుని, చూపుడువేలితో పొడుస్తూ కూర్చున్నాడు. సూపు చల్లారుతున్నా కదల్లేదు.

గెసీనా తెర కట్టేయబోతుంటే దాని మీద ఎర్ర చుక్క పడింది. యానెస్ పాక దగ్గరి రాయి మీద. సరైన రాయి. పక్కన రాత:

"ఇక్కడ సూపు కారుతోంది. పరిస్థితి విషమించింది. వెంటనే మనుషుల్ని పంపండి. వెస్సెల్."

పాక దద్దరిల్లేలా నవ్వుతుంటే పట్నం నుంచి ఫోన్ మోగింది. రెమ్‌కో.

"చుక్క చూశాను. లారీ పంపమంటారా?"

గెసీనా అన్నయ్య వైపు చూసింది. అతను సూపు గిన్నెలోకి మొహం దాచుకున్నాడు.

"పంపించు," అంది. "రొట్టెలతో."